నిజాం రైల్వే పాత నక్షా గారికి విన్నపం

మహారాజశ్రీ నిజాం రైల్వే నక్షా దొరవారి సముఖమునకు,

హైదరాబాదు నుంచి ఒక ఎంఎంటీఎస్ లోకల్ రైలు ప్రయాణికుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మేమిక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడి క్షేమం. తమరు జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ షాపు క్యాష్ కౌంటర్ మీద, టేకు ఫ్రేములో క్షేమంగా ఉన్నారని కళ్లారా చూశాను. గుడ్డకంటించి మడిచిన కాగితం కదా, మడత సరిగ్గా హుస్సేన్‌సాగర్ మీద పడి చెరువు నడుమ తెల్లగా పగిలింది. జూబ్లీహిల్స్ కొండల్ని తమరు గొంగళిపురుగుల్లా గీశారు. ఇప్పుడా గొంగళిపురుగు వీపు మీద గజం కొనాలంటే ఊళ్లో పొలం అమ్మాలి.

తమరి దర్జాకు వంక పెట్టలేం. వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాదుకు 1874లో బండి వచ్చింది. ఆ లావు గీత కంటోన్మెంటు ముంగిట్లోకి ఎంత వినయంగా వచ్చి ఆగిందో! అసలు ఊరు మాత్రం మూసీ అవతల ఉండిపోయింది. కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో. యాకుత్‌పురా, ఫలక్‌నుమా వైపు పోయింది మీటర్‌గేజ్, అంటే ఇరుకు పట్టాలు. దొరల దండుకు వెడల్పాటి బ్రాడ్‌గేజ్, బస్తీకి మీటర్‌గేజ్. గేజు తర్వాత మార్చారు లెండి, అలవాటే మారలేదు. సికింద్రాబాదు వైపు నుంచి పాతబస్తీకి పోవాల్సిన మెట్రో గీత 2020లో ఎంజీబీఎస్ బస్టాండు దాకా వచ్చి, మూసీని చూడగానే తమరే గుర్తొచ్చారో ఏమో, అక్కడే ఆగిపోయింది. పాతబస్తీకి ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు.

తమరు పొందిగ్గా దాటేసిన సంగతి ఇంకొకటుంది. రైలు కంపెనీ లండన్లో, పూచీ నిజాం ఖజానాది. బండి నడిచినా నడవకపోయినా వాటాదార్లకు ఏటా 5 శాతం ముట్టాలి. 1883లో చాందా (నేటి చంద్రపూర్) రైలు ఒప్పందం గురించి కాస్త వివరంగా చెప్పండయ్యా అని నలుగురు చదువుకున్నవాళ్లు గొంతెత్తారు. వాళ్లలో సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ ఒకరు. జవాబుగా ఆయన్ని హైదరాబాదు నుంచే వెళ్లగొట్టారు. తమరి అంచున గుర్తుల పట్టిక వెతికాను. వంతెనకు గుర్తుంది, గుడికి గుర్తుంది, బావికి కూడా ఉంది. ఊళ్లోంచి వెళ్లగొట్టిన మనిషికి లేదు.

అన్నట్టు, ఉందానగర్ తమరికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ సన్న గీత మీదున్న చిన్న స్టేషన్. దాని దాపున 2008లో విమానాశ్రయం తెరిచారు. రైలు ముందే ఉంది, విమానం తర్వాత వచ్చింది. రెండింటికీ ఇంతవరకూ పరిచయం కాలేదు. దుబాయ్ నుంచి దిగినవాడు ట్రాలీ తోసుకుంటూ బస్సో క్యాబో పట్టుకోవాల్సిందే. పట్టాలేమో ఆ పక్కనే ఉన్నాయి. ఈ ముచ్చట వింటే తమరి సర్వేయరు సాయంత్రం ఇంకో పెగ్గు పోసుకునేవాడు.

రియల్ ఎస్టేట్ వాళ్లకు మాత్రం తమరంటే ప్రాణం. బ్రోచర్ మొదటి పేజీలో తమరి బొమ్మ, కింద "రైల్వే స్టేషన్‌కు ఐదు నిమిషాలు" అని ఒక ముక్క. ఏ వాహనం మీద, ఏ శతాబ్దంలో అన్నది రాయరు. ఇంకో తమాషా ఏమిటంటే, తమరిలో గీతలు వాళ్లకు ముద్దు, నీలి మచ్చలు చేదు. పట్టాల పక్కన అంత శ్రద్ధగా రంగేసిన చెరువులూ కుంటలూ బ్రోచర్‌కి వచ్చేసరికి ఇంకిపోతాయి. ఆ మచ్చ మీదే గేటెడ్ కమ్యూనిటీ, దానికి లేక్ వ్యూ అని పేరు. ఉన్న లేకు సెల్లార్లోకి వచ్చేది వానాకాలంలోనే.

అందుకే నా విన్నపం ఒక్కటే. ఫ్రేములో ఎంతకాలం కూర్చుంటారు? శిఖం భూమి, అంటే చెరువు గర్భంలోని నేల, గొడవ కోర్టుకెక్కినప్పుడల్లా లాయర్లు పాత నక్షాలు వెతుక్కుంటున్నారు. తమరు ఒక్కసారి బోనెక్కి, ఎక్కడ నీళ్లుండేవో చెప్పండి. దొరల కోసం గీసిన కాగితమైనా, చెరువు విషయంలో తమరు అబద్ధమాడలేదు. ఆపాటి నిజాయితీ మా లేఅవుట్ నక్షాల్లో కనబడితే చూపించండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
రావాల్సిన బండి ఇంకా రాని తమ విధేయుడు

తా.క.: కాఫీ షాపువాళ్లు తమరి ఫ్రేముకు దక్షిణం వైపు ఏసీ పెట్టారు. ఫలక్‌నుమా మీద నీళ్లు కారుతున్నాయి. మేనేజర్‌తో చెబితే, "అటువైపు కస్టమర్లు కూర్చోరు సార్" అన్నాడు.