పుస్తకాలు కొనకుండా సాహిత్య సేవ

స్థానిక సంస్థలు సాహిత్యానికి ఏమీ చేయడం లేదని కొందరు రచయితలు ఊరికే ఆడిపోసుకుంటుంటారు. ఇది అన్యాయం. గ్రంథాలయానికి భవనం కడుతున్నారు, రంగులు వేయిస్తున్నారు, రిబ్బన్ కత్తిరిస్తున్నారు. ఇక మిగిలినవి పుస్తకాలు కొనడం, రాసినవాళ్లకు డబ్బులివ్వడం. ఆ రెండు చిల్లర విషయాలు పట్టుకుని మొత్తం సేవనే తప్పుపడితే ఎలా?

పైగా దీని వెనక ఘనమైన చట్టమే ఉంది. 1850లో బ్రిటన్ పార్లమెంటు పబ్లిక్ లైబ్రరీల చట్టం చేసింది. జనాభా పదివేలు దాటిన పట్టణాలు ఆస్తి విలువలో పౌండుకు అరపెన్నీ మించకుండా పన్ను వేసుకోవచ్చు. ఆ సొమ్ముతో భవనం కట్టొచ్చు, సిబ్బందిని పెట్టుకోవచ్చు. పుస్తకాలు మాత్రం కొనకూడదు! అవి ఎవరైనా దానం చేయాలి. ఎంత దూరదృష్టి! ఖర్మ కాలి 1855లో పన్నును పెన్నీ చేసి, పుస్తకాలు కొనడానికి కూడా ఒప్పుకుని ఆ చక్కటి ఏర్పాటును చెడగొట్టారు. అసలు బిల్లు మీద చర్చప్పుడే కల్నల్ సిబ్‌థార్ప్ అనే సభ్యుడు తనకు చదవడమంటేనే ఇష్టం లేదని, ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నప్పుడైతే మరీ అసహ్యమని నిండు సభలో చెప్పేశాడు. ఆ నిజాయితీ ఇప్పుడెక్కడిది? ఇప్పటివాళ్లు ‘పుస్తకం హస్తభూషణం’ అని మైకులో చెప్పి, ఆ తర్వాత బడ్జెట్ కోస్తారు.

మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు రాసిపెట్టారు. వాటిని అక్షరాలా పాటిస్తున్నది మన పాలకవర్గాలే. పాఠకుడి సమయం ఆదా చేయాలన్నది నాలుగో సూత్రం. తలుపుకు తాళం వేసి ఉంటే పాఠకుడు అర నిమిషంలో వెనక్కి తిరుగుతాడు. ఇంతకు మించిన ఆదా ఏముంది? గ్రంథాలయం పెరిగే జీవి అన్నది ఐదోది. పెరుగుతోంది కదా, బూజు!

ఇక రచయితల సంగతి. కౌన్సిల్ వారి సాహిత్య సభకు ఒక కవిని పిలిచారనుకోండి. టెంటుకు, మైకుకు, ఫ్లెక్సీకి డబ్బులు ముందే అందుతాయి. కవికి మాత్రం ‘మంచి అవకాశం’ ఇస్తారు. ఆయన కాస్త గట్టిగా పారితోషికం అడిగితే సరఫరాదారుల నమోదు ఫారం చేతిలో పెడతారు. సరఫరా చేయు సరుకు: కవిత్వం. కొలత: కిలోలా, లీటర్లా, మీటర్లా? (గేయమైతే మీటర్లు నయం.) వారంటీ ఎన్నాళ్లు? లోపం ఉంటే మార్చి ఇస్తారా? దీనికి తోడు ఇంకో ఇద్దరు కవుల నుంచి కొటేషన్లు జతపరచాలి. తక్కువ రేటుకు కోట్ చేసినవాడే మహాకవి. అన్నీ పూర్తయ్యాక ఫైల్ ఆడిట్‌కు వెళ్తుంది. అక్కడ ఒకటే ప్రశ్న: “చదివేసిన కవిత స్టాక్ రిజిస్టర్‌లో ఎందుకు ఎక్కలేదు?”

పాపం, ఆఫీసులో నిజంగా పుస్తకాలంటే ప్రాణం పెట్టే ఉద్యోగి ఒకరైనా ఉంటారు. ఈ ఫారాలన్నీ నింపి కవికి డబ్బులు ఇప్పించేది ఆ మనిషే. అందుకే వాళ్లను ఎక్కువ రోజులు అదే సీట్లో ఉంచరు. ఆస్తిపన్ను విభాగానికి బదిలీ చేసి ఊపిరి పీల్చుకుంటారు.

కొన్ని దేశాలు మరీ విడ్డూరం. లైబ్రరీలో పుస్తకం ఉంచినందుకు రచయితకు ఎంతో కొంత చెల్లించే పద్ధతిని డెన్మార్క్ 1946లోనే మొదలుపెట్టింది. ఎన్నిసార్లు అరువు ఇచ్చారో లెక్కగట్టి ఇవ్వడానికి బ్రిటన్ 1979లో చట్టం తెచ్చింది. అదీ కౌన్సిళ్ల జేబులోంచి కాదు, కేంద్ర ప్రభుత్వ నిధి నుంచి. అయినా మన కమిటీలు దీన్ని లోతుగా ఆలోచించాలి. డబ్బులొస్తాయని తెలిస్తే రచయితలు సన్మానాలు మానేసి ఇంట్లో కూర్చుని రాసుకుంటారు. అప్పుడు వేదిక మీద కుర్చీలు ఎవరితో నింపుతారు?