మాత్ర వేసి తీసుకురండి

మొన్న ఉగాదికి ఇక్కడ అమెరికాలో మన తెలుగు సంఘం వేదిక మీద కోలాటంలో ఎనిమిది మంది ఉండాల్సిన చోట ఏడుగురే ఉన్నారు. ఒక పిల్ల జోడీ లేక గాల్లోకి కర్రలు ఆడిస్తూ తిరిగిందట. ఆ రాని పిల్ల మా పాప.

ముందురోజు రాత్రి దానికి 102 జ్వరం. పొద్దున్నే కోలాటం కోఆర్డినేటర్ నుంచి ఫోనొచ్చింది. "అక్కా, ఒక మాత్ర వేసి తీసుకురండి, పది నిమిషాలే గదా!" కుదరదన్నాను. సాయంత్రం పంచాంగ శ్రవణం కాగానే, "కొంతమంది పేరెంట్స్‌లో కమిట్‌మెంట్ తగ్గిపోతోంది" అని మైకులో వినిపించిందట. పేరు చెప్పలేదు. ఒప్పుకున్న పులిహోర ట్రే ఇవ్వడానికి వెళ్లిన మా ఆయన వైపు హాలంతా తిరిగి చూసింది.

కోపంతో రాస్తున్నానని అనుకుంటారేమో. కోపం ఉంది, సిగ్గూ ఉంది. కిందటి సంక్రాంతికి భోగిపళ్లు పోయించడానికి నేనే పాపకి మందు పట్టి తీసుకొచ్చాను. రెండు గంటలు చలాకీగా తిరిగింది, ఫోటోలు బాగా వచ్చాయి. మందు దించేది జ్వరాన్ని, వైరస్ ఎక్కడికీ పోదు. ఫ్లూ వచ్చిన పిల్ల, లక్షణాలు బయటపడే ముందురోజు నుంచి ఆ తర్వాత ఐదారు రోజుల దాకా పక్కవాళ్లకి అంటిస్తూనే ఉంటుంది. మందు లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే పంపమని స్కూలు చెబితే నోరెత్తం. మన గ్రీన్‌రూంలో మాత్రం ఎనిమిది మందికీ ఒకటే లిప్‌స్టిక్. ముందు వరసలో ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, షుగరూ బీపీ మాత్రలు సంచిలో పెట్టుకుని కూర్చుంటారు. ఫ్లూ వాళ్లని ఎంత దెబ్బ తీస్తుందో, విజిటర్ ఇన్సూరెన్స్ ఎంత ఇస్తుందో మీకు నేను చెప్పాలా?

2023 డిసెంబర్‌లో కావలిలో మా అమ్మావాళ్లింట్లో ఉన్నాం. మిచౌంగ్ తుపాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. మాకు ఒకటే వాన, కరెంటు వచ్చీపోతూ ఉంది. పాపకి నాలుగు నిండబోతున్నాయి. రొంప (జలుబు అంటే మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది), ఆ వెంటనే జ్వరం. ఇక్కడి నుంచి తెచ్చిన సీసా అయిపోతే మందుల షాపులో పారాసెటమాల్ సిరప్ కొన్నాం. రాత్రి రెండింటికి, అలవాటైన 7.5 మిల్లీలీటర్లు కొలుస్తున్నాను.

"ఉండమ్మే, ఆ సీసా ఇటియ్యి," అంది అమ్మ. కళ్లజోడు పెట్టుకుని, టార్చి వేసి చూసింది. "దీని మీద 250 అనుంది. మీ దాని మీద ఎంతుంది?"

మన దగ్గర పిల్లల సిరప్ ఐదు మిల్లీలీటర్లకి 160 మిల్లీగ్రాములు. అది 250. పాప బరువు 16 కిలోలు, కిలోకి 15 చొప్పున 240 సరిపోతుంది. నేను పోయబోయింది 375. మా అమ్మ ఎనిమిదో తరగతి, నేను ఎమ్మెస్.

ఈ ముక్క చెప్పి ఊరి వైద్యమే గొప్పదని చాటడం నా ఉద్దేశం కాదు. తెల్లారేసరికి అదే అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి పాప ఛాతీకి రాయబోయింది. కర్పూరం ఒంట్లోకి పోతే పసిపిల్లలకి ఫిట్స్ రావచ్చని చెప్పి గిన్నె లాక్కున్నాను. మరిగే నీళ్ల మీద దుప్పటి కప్పి ఆవిరి పట్టిస్తానంది. గిన్నె ఒలికితే ఒళ్లు కాలుతుందని అదీ ఆపాను. మధ్యాహ్నానికి ఆర్‌ఎంపీని పిలిపించింది. "సూదేస్తే తెల్లారేపాటికి ఆడుకుంటదమ్మా" అన్నాడాయన. రెండు రకాల దగ్గుమందులూ తీసి పెట్టాడు. ఏదీ వద్దని పంపించేస్తే, అమ్మ పూటంతా నాతో మాట్లాడలేదు. ఆ నెలలోనే ఒక రకం జలుబు మందు సీసాల మీద నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని రాయాలని కేంద్రం ఆదేశించింది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో కల్తీ దగ్గుమందు తాగి పసివాళ్లు చనిపోయిన వార్త 2025 అక్టోబర్‌లో చదివి, ఆ రెండు సీసాలు గుర్తొచ్చి వణికిపోయాను.

ఆ ఐదు రోజులూ అమ్మ చేసిన మిగతా పనుల్లో ఒక్కటీ తప్పుపట్టలేను. మెత్తగా ఉడికిన అన్నంలో పల్చటి మిరియాల చారు, అల్లం రసంలో చెంచా తేనె (ఏడాదిలోపు పసివాళ్లకి మాత్రం తేనె నాకించకండి, బొటులిజం ప్రమాదం ఉంది), గంటగంటకీ రెండు గుక్కల గోరువెచ్చటి నీళ్లు. పాప నిద్రపోగానే గౌను పైకెత్తి చూసేది. "డొక్కలెగరేస్తందేమో చూడు, ఎగరేస్తే క్షణం ఆగబాకండి, ఆసుపత్రికి పోదాం." ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద లోపలికి గుంజుకుంటే న్యుమోనియా కావచ్చు. ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలు నిమిషానికి నలభై సార్లో అంతకంటే ఎక్కువో ఊపిరి తీస్తున్నా అనుమానించాల్సిందే. మూడు నెలలు నిండని పసిగుడ్డుకైతే 100.4 వచ్చినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. అమ్మకి ఈ అంకెలు తెలియవు. చూపు మాత్రం అక్కడే ఉండేది.

అది దుప్పటి పక్కన కూర్చునే మనిషి ఉన్న ఇల్లు. నేను నిద్రపోతే అమ్మ, అమ్మ పడుకుంటే నాన్న, నాన్న బజారుకెళ్తే పక్కింటి పెద్దమ్మ. ఇక్కడ నాకు లీవులు ఫిబ్రవరికే అయిపోయాయి. కెమెరా ఆఫ్ చేసి మీటింగులో ఉంటూ, ఇంకో చేత్తో పాప నుదురు తడుముకున్నాను. ఆ పరిస్థితిలో మాత్ర వేసి పంపేద్దాం అనిపించడం దుర్మార్గమేమీ కాదు. ఆ కోఆర్డినేటర్ మూడు నెలలు తన గరాజ్‌లో పిల్లలకి అడుగులు నేర్పింది. ఆమె బాధ నాకు తెలుసు. జోడీ లేక నిలబడ్డ ఆ పిల్లకి నేనే సారీ చెప్పొచ్చాను.

అయినా కార్యవర్గాన్ని అడుగుతున్నాను. దసరా కోలాటానికి ఇద్దరు పిల్లలకి అదనంగా నేర్పించండి. రాలేని వాళ్ల గురించి మైకులో మాట్లాడకండి. భోజనాల కమిటీకి యాభై మంది పేర్లిస్తారు కదా, జ్వరమొచ్చిన ఇంటికి చారు పట్టుకెళ్లడానికి పది పేర్లు రాయండి. మొదటి పేరు నాదే. మా అమ్మ పంపిన మిరియాల పొడి రెండు డబ్బాలుంది. ఫోను చేయండి, తలుపు కొట్టను, గుమ్మం దగ్గర క్యారేజీ పెట్టి వెళ్లిపోతాను. లీవు దొరక్కపోతే ఆ మాటా చెప్పండి, మాస్కు పెట్టుకుని మీ పాప పక్కన రెండు గంటలు కూర్చుంటాను.