కసిం కుండ పులవకముందే సర్టిఫికెట్!

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఇంట్లోకి అడుగుపెడితే కంటికంటే ముందు ముక్కుకు తెలుస్తుంది. వరండాలో ఓ మూల, మూతికి గుడ్డ కట్టిన కుండ ఉంటుంది. అందులో బెల్లం, నీళ్లు, తుప్పు పట్టిన మేకులు, పాత ఇనుప ముక్కలు. దాన్ని కసిం అంటారు. మూడు వారాలకు అటూ ఇటూ పులిస్తే గానీ నల్లరంగుగా పనికిరాదు. తొందరపడి వారానికే కలం ముంచితే గీత నల్లగా పడదు, బూడిదరంగులో వెలవెలబోతుంది.

ఇప్పుడు మన సర్కారువారి క్యాలెండర్ చూద్దాం. చేతివృత్తులవాళ్ల కోసం 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు. రోజుకు 500 రూపాయల భృతి, పనిముట్లకు 15,000, ఆపైన తక్కువ వడ్డీకి అప్పు. శిక్షణ మొదలైన పొద్దునే కుండ పెట్టినా, సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి కసిం సగం కూడా పులవదు. అయినా ఆ ఇబ్బంది కాళహస్తి వాళ్లకు లేదులెండి. పథకంలో ఉన్న 18 వృత్తుల్లో కలంకారీ పేరే లేదు. చేనేత కూడా లేదు.

ఆ పథకం ఇప్పటికే పని తెలిసినవాళ్లకు కదా అంటారు. నిజమే. మరి పని తెలియని పద్నాలుగేళ్ల పిల్లకు ఏముంది? ఎవరిని అడిగినా వేలు పక్క ఆఫీసు వైపు చూపిస్తారు. చదువు ఒక శాఖ, నైపుణ్యం ఒక శాఖ, సంస్కృతి ఇంకో శాఖ. మొదటిది పరీక్షలు పెడుతుంది, రెండోది సర్టిఫికెట్లు పంచుతుంది, మూడోది ఉత్సవాల్లో స్టాల్ వేయిస్తుంది. నిధులు పెంచండి అని వ్యాసాలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆ పాట పాడబోవడం లేదు. నేనడిగేది ఒక్కటే. కసిం కుండను బడిలోకి తీసుకెళ్లండి. డ్రాయింగ్ పీరియడ్‌లోకి కాదు, సైన్సు పీరియడ్‌లోకి.

ఆ కుండలో జరిగేదేమిటి? బెల్లంనీళ్లు పులిసి ఆమ్లమవుతాయి. ఆమ్లం ఇనుమును తిని లవణం చేస్తుంది. పదో తరగతిలో ‘ఆమ్లాలు, క్షారాలు, లవణాలు’ పాఠం ఉంది చూశారూ, అది మొత్తం ఆ కుండలోనే ఉంది. గుడ్డ సంగతి ఇంకా బాగుంటుంది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో దాన్ని నానబెట్టి ఆరేస్తారు. కరక్కాయలోని వగరు, కసింలోని ఇనుము ఒకదాన్నొకటి తాకగానే చిక్కటి నలుపు పుడుతుంది. మన ముత్తాతలు అన్నభేది, కరక్కాయ కలిపి చేసుకున్న సిరాలోనూ ఇదే కిటుకు. ఇక పాలెందుకంటారా? పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. పాలు తక్కువైతే బొమ్మలో సీతమ్మ కనుబొమ్మ చెంప దాకా జారుతుంది. ఎర్రరంగు కావాలంటే ముందు పటిక గీయాలి. పటిక నీళ్లతో గీసినప్పుడు గుడ్డ మీద పెద్దగా ఏమీ కనిపించదు. తర్వాత ఎర్రరంగు చెక్కతో కలిపి ఉడికిస్తే, పటిక పడిన చోటల్లా ఎరుపు పట్టుకుని కూర్చుంటుంది. పడని చోట రంగు ఉతుకులో పోతుంది. ఒక మేస్టారు ఇది తరగతిలో చేసి చూపిస్తే పిల్లలు బెంచీలెక్కి చూస్తారని నా పందెం.

కానీ మన పిల్లలు ‘లోహం ఆమ్లంతో చర్య జరిపి లవణాన్ని, హైడ్రోజన్‌ను ఇచ్చును’ అని బట్టీ కొడతారు. ఆ కుండ రెండు వీధుల అవతలే బుడగలు కక్కుతూ ఉంటుంది. దాన్ని పాఠంతో కలపడానికి కొత్త భవనం అక్కర్లేదు, డిజిటల్ బోర్డు అక్కర్లేదు. ఒక కుండ, పావుకిలో బెల్లం, గుప్పెడు మేకులు చాలు.

2020 జాతీయ విద్యావిధానం కాగితం మీద ఈ మాట ఒప్పుకుంది కూడా. ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లలకు పది రోజులు సంచి లేని బడి, వడ్రంగి దగ్గరో కుమ్మరి దగ్గరో చిత్రకారుడి దగ్గరో కూర్చుని పని చూడటం. బాగుంది. కానీ చాలాచోట్ల ‘బ్యాగ్ లేని రోజు’ అంటే ముగ్గుల పోటీ, క్విజ్, గ్రూప్ ఫొటో. పోనీ పది రోజులూ నిజంగానే కూర్చోబెట్టారనుకుందాం. మళ్లీ అదే లెక్క, కసిం పులవదు.

ఎన్ని రోజులు పడుతుందో తెలిసిన పాతతరం సంస్థ మన తిరుపతిలోనే ఉంది. టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పకళా సంస్థలో ఆలయ నిర్మాణం, శిలా శిల్పం, లోహ శిల్పం, దారు శిల్పం వంటివాటికి డిప్లొమా నాలుగేళ్లు. కలంకారీ సర్టిఫికెట్ కోర్సుకే రెండేళ్లు. అదీ లెక్క. రాయి తొందరపడదు కాబట్టి సిలబస్ కూడా తొందరపడలేదు. శ్రీకాళహస్తి కలంకారీ ఈరోజు బతికి ఉందంటే అందుకు కారణం కూడా ఇలాంటి పనే. పని దాదాపు ఆగిపోయిన దశలో, చేతివృత్తుల కోసం పాటుపడ్డ కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి కొత్తవాళ్లకు నేర్పించారు. ఆ ఊరి కలంకారీకి తర్వాత జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, 2008లో అక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టిగారికి పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, అది గట్టిదే. వృత్తిని బడిలోకి తెస్తే కులాన్ని బడిలోకి తెచ్చినట్టేనని. 1953లో ముఖ్యమంత్రి రాజాజీ మద్రాసు రాష్ట్రంలో సగం పూట బడి, మిగతా పూట ఇంటి వృత్తి అనే పథకం పెట్టారు. ఆ ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మన చిత్తూరు కూడా మద్రాసు కిందే ఉంది. కులవృత్తి చదువని జనం తిరగబడ్డారు, 1954లో కామరాజ్ ముఖ్యమంత్రిగా వచ్చాక అది పోయింది. పోవాల్సిందే. అది చాకలి పిల్లవాణ్ని మళ్లీ రేవుకే పంపింది. నేనడిగేది దానికి తలకిందులు. డాక్టరు కూతురు, ఎమ్మెల్యే కొడుకు, కూలీ పిల్ల అందరూ ఒకే కుండ చుట్టూ కూర్చోవాలి, అందరి గోళ్లకూ నలుపు అంటాలి.

అసలు జబ్బు అక్కడుంది మరి. మన దగ్గర చదువుకున్నాడంటే చేతికి మట్టి అంటనివాడని అర్థం. పిల్లవాడు స్పానర్ పట్టుకుంటే అమ్మకు టెన్షన్, మౌస్ పట్టుకుంటే ముచ్చట. ఏర్పేడు మండలాన్నే చూడండి. ఒకవైపు 2015లో మొదలైన తిరుపతి ఐఐటీ. అదే మండలంలో మాధవమాల, ఇంటింటా ఉలి చప్పుడు వినిపించే కొయ్యబొమ్మల ఊరు. రెండూ చేసేది ఇంజినీరింగే. ఒకదానికి కోచింగ్ సెంటర్లున్నాయి, రెండోదానికి పిల్లనివ్వడానికి కూడా జనం ఆలోచిస్తారు.

అన్నమయ్య సంగతే తీసుకోండి. పదకవితా పితామహుడని పొద్దున లేస్తే తలుచుకుంటాం. ముప్పై రెండు వేల సంకీర్తనలంటాం, దొరికినవి పద్నాలుగు వేల దాకా. అవి మనదాకా ఎలా వచ్చాయి? కొడుకు పెద తిరుమలాచార్యుల హయాంలో రాగిరేకుల మీద ఒక్కో అక్షరం చెక్కించి, తిరుమల గుడిలో సంకీర్తన భండారంలో దాచారు. చెక్కిందెవరు? ఉలి జారితే రేకు పాడు, అక్షరం తప్పితే పదం పాడు. అంత పని చేసిన చేతులను మనమెవరం తలుచుకోం. పాడినవాణ్ని గుర్తుపెట్టుకున్నాం, రాయించినవాణ్ని గుర్తుపెట్టుకున్నాం, చెక్కినవాణ్ని వదిలేశాం. మన సిలబస్ కూడా అదే చేస్తోంది.

నేనూ ఒకసారి కలం పట్టుకున్నాను. వెదురుపుల్ల మొన చెక్కి, పైన ఉన్ని చుట్టి, దారంతో బిగించి కట్టిన కలం అది. ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు మొనకు దిగుతుంది. తామరరేకు గీద్దామని నొక్కాను. రూపాయి బిళ్లంత మచ్చ పడింది. పక్కన కూర్చున్న అమ్మాయి నవ్వాపుకుంటూ, ‘గట్టిగా పట్టుకోకూడదు సార్, పట్టీ పట్టనట్టు పట్టాల’ అంది. ఆ రోజు నుంచి కొట్లో కలంకారీ అని స్క్రీన్ ప్రింటు చూపిస్తే నాకు ఇట్టే తెలిసిపోతోంది. పది నెమళ్లుంటే పదీ ఒకే అచ్చు, ఒక్క ముక్కూ వంకర పోదు. ఒక్కసారి గీత తప్పినవాడికే గీత విలువ తెలుస్తుంది, అందుకే కొనేవాళ్లను కూడా బడిలోనే తయారుచేయాలంటాను. జీఐ ముద్ర ఆ పని చేయలేదు.

మరి నేర్పేదెవరు? మళ్లీ అదే శాఖల గోడ. యూనివర్సిటీలకైతే యూజీసీ 2022లో ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ అని దారి తెరిచింది, పీహెచ్‌డీ లేకున్నా పని తెలిసినవాళ్లు పాఠం చెప్పొచ్చు. బడులకూ స్థానిక నిపుణులను తీసుకోవచ్చని విద్యావిధానంలో రాసి ఉంది. రాసి ఉంది, అంతే. నలభై ఏళ్లుగా రామాయణం మొత్తం బొగ్గుపుల్లతో ఒకే ఊపులో గీసే ఓ పెద్దాయనను, బడికొచ్చి పిల్లలకు చెబుతారా అని అడిగాను. చింతపుల్ల బొగ్గు పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటూ, ‘వస్తా నాయినా. అయితే సంతకం ఏ రిజిస్టర్లో పెట్టేది?’ అన్నాడు.