దురదకి ఎన్ని స్టార్లు?

దర్శనం టికెట్‌కి యాప్, గ్యాస్ బండకి యాప్, కరెంటు బిల్లుకి యాప్, అన్నిట్నీ తిట్టుకుంటానే రేటింగులు ఇచ్చే ఊరు మాది, అట్లాంటి తిరుపతిలో ఎగ్జిమాకి, అదే చర్మం ఎండి దురదపెట్టే జబ్బుకి, వచ్చిన ఫోన్ యాప్‌లని ఇంతవరకూ ఎవురూ పద్ధతిగా బేరీజు వెయ్యలేదంటే అది మనందరికీ నామోషీ. కాబట్టి ప్రజాహితం కోరి ఆ బాధ్యత నేనే నెత్తికెత్తుకుంటా ఉండా.

ముందు శాస్త్రీయంగానే పోదాం. ఆరోగ్య యాప్‌లకి మార్కులెయ్యడానికి మార్స్ అని ఒక స్కేల్ ఉండాది, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వాళ్లు 2015లో తయారుచేసింది, 23 అంశాలు, ఒక్కోదానికి ఐదు మార్కులు. అందులో మొట్టమొదటి ప్రశ్న ఏందనుకున్నారు? యాప్ వినోదంగా ఉందా లేదా అని! మోకాలి వెనకాల గోకి గోకి రక్తమొచ్చినోడు, కరెంటు పోయిన మే నెల రాత్రి రెండింటికి లేచి కూర్చుని, ఆహా ఎంత వినోదం అని ఐదుకి ఐదు వెయ్యాల. ఈ యాప్ నిజంగా పనిచేస్తాదని ఎవురన్నా పరీక్ష చేసి చూశారా అనే ప్రశ్న కూడా ఉందిలెండి, లేదనను, అది పందొమ్మిదోది, పైగా పరీక్షే జరక్కపోతే 'వర్తించదు' అని టిక్కు కొట్టి ముందుకు పోవచ్చు. ఎంత మర్యాదగల పరీక్ష చూడండి, ఇట్లాంటిది మా ఇంటర్ రోజుల్లో ఎందుకు లేకపోయిందబ్బా.

ఇంకోటి పోయెమ్, ఇది యాప్‌కి కాదు, రోగి తన ఎగ్జిమాకే మార్కులేసుకునే స్కేల్, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ నుంచి 2004లో వచ్చింది. పోయినవారం ఎన్ని రోజులు దురద పెట్టింది, ఎన్ని రాత్రులు నిద్ర చెడింది, రక్తం, రసి, పగుళ్లు, పొట్టు రాలడం, చర్మం ఎండిపోవడం, ఇంతే, ఏడు ప్రశ్నలు, మొత్తం 28కి, 17కి చేరిందంటే తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మంచి సరుకు, అందులో వేళాకోళానికి ఏమీ లేదు, క్యాలెండర్ వెనకాల పెన్నుతో రాసుకున్నా సరిపోతాది. మన యాప్ అన్న మాత్రం అవే ఏడు ప్రశ్నలకి గులాబీ రంగు బటన్లు పెట్టి, గ్రాఫ్ గీసి, పోయిన నెల గ్రాఫ్ చూడాలంటే ప్రీమియం కట్టమంటాడు. నా దురద, నా నిద్ర, నేనే గోకింది, చూడ్డానికి మళ్లీ టికెట్టు.

ఇక ఫోటో సంగతి. మచ్చ ఫోటో తీసి పెడితే ఎరుపు ఎంతుందో కొలుస్తాదంట. మన చామనఛాయ ఒంటి మీద ఎగ్జిమా ఎర్రగా యాడ కనబడతాది? ముదురు గోధుమ రంగో, ఊదానో, బూడిద రంగో తిరిగి, చర్మం గట్టిపడి గరుగ్గా అవుతాది, అది చేత్తో తడిమితే తెలుస్తాది గానీ తెల్లోళ్ల ఫోటోలు చూసి చూసి పెరిగిన కెమెరాకి తెలవదు. మా చిన్నాన్న కొడుకు ముంజేయి ఫోటో పెట్టాడు, 'ఎరుపు స్వల్పం, అభినందనలు' అని వచ్చింది. వాడు ఆ అభినందనలు చదువుతానే గోక్కుంటా ఉండాడు.

పుప్పొడి హెచ్చరికలు, చలికాలం హీటర్ తగ్గించమనే సలహాలు దాటేద్దాం, మనకి హీటరెందుకు, ఎండే ఉండాది. చెమట, బకెట్ అంచున తెల్లగా గారకట్టే బోరు ఉప్పునీళ్లు, ఈ రెండింటికీ యాప్‌లో గడి లేదు.

అసలు కథ మాయిశ్చరైజర్ దగ్గర. స్నానం కాంగానే, తడి పూర్తిగా ఆరకముందే పట్టించాల, ఇది డాక్టర్లు చెప్పేదే, నిజమే. అయితే యాప్ పొద్దున ఏడింటికి గంట కొడతాది, మా వీధిలో కొళాయి ఎప్పుడొస్తే అప్పుడే ఏడు. పిల్లలకి ఎంత క్రీమ్ కావాలో బ్రిటన్‌లో వైద్యానికి పద్ధతులు చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాల్లో ఉండాది, వారానికి 250 నుంచి 500 గ్రాములు. అరకిలో! మా ఇంట్లో వారానికి అరకిలో నెయ్యి వాడితేనే అవ్వ పంచాయితీ పెడతాది, ఇంక ఒంటికి పూసే క్రీమ్ అరకిలో అంటే ఇల్లు తాకట్టు పెట్టి పూసుకోవాల్సిందే. ఇన్ని గ్రాఫులు గీసే యాప్, ట్యూబు ధర ఎంత, నువ్వు ఎంత కొనగలవు అని ఒక్క ముక్క అడగదు. కాంటాక్టులు చూడొచ్చా అని మాత్రం మొదటి రోజే అడుగుతాది. నా మోచేతికీ మా మేనమామ నంబరుకీ ఏం సంబంధమో 2023లో డేటా చట్టం రాసినోళ్లే చెప్పాల.

పోటీలో వీటన్నిటికంటే ముందున్నది ఊళ్లో ఎప్పట్నుంచో నడస్తా ఉండే యాప్, మెడికల్ షాపు కౌంటర్. లాగిన్ లేదు, నెట్ అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతాది.

'అన్నా, దురదకి ఏమన్నా ఇయ్యి.'

'యాడ?'

'ఈడ.'

'ఇదో, రెండు పూట్లా పూయి.'

అయిపాయె. ఆ ట్యూబులో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిసుంటాయి, ఏదో ఒకటి తగలకపోతాదా అని. మూడ్రోజుల్లో హాయి, కాబట్టి వినోదానికి ఐదుకి ఐదు ఖాయం. వచ్చింది ఎగ్జిమా కాకుండా ఫంగస్‌తో వచ్చే తామర అయితే, స్టెరాయిడ్ కింద అది వేషం మార్చుకుని ఒళ్లంతా పాకతాది, డాక్టరుకి కూడా వెంటనే ఆనవాలు దొరకదు. 2018లో కేంద్రం ఈ స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, ఆ అప్‌డేట్ మన కౌంటర్లో ఇంకా ఇన్‌స్టాల్ కాలేదు.

డాక్టరే స్టెరాయిడ్ రాస్తే భయపడి పారేసేవాళ్లు ఇంకో రకం. ఎంత పూయాలో కొలత ఉంది, పెద్దోళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే అరగ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత మేరకి సరిపోతాది. ఇంత పనికొచ్చే ముక్క నేను చూసిన యాప్‌లో సెట్టింగ్స్, హెల్ప్, ఇంకా చదవండి అని మూడు గదులు దాటినాక దొరికింది. మొదటి పేజీలో మాత్రం యోగా చేస్తా ఉండే ఒక తెల్ల పిల్ల బొమ్మ.

చివరికి తీసేద్దామని నొక్కితే ఎందుకు తీసేస్తున్నారని ఓ ఫారం వచ్చింది. స్టోరేజ్ సరిపోలేదు, నోటిఫికేషన్లు ఎక్కువ, వేరే యాప్ నచ్చింది, ఇతరములు. దురద తగ్గిందనో తగ్గలేదనో చెప్పడానికి గడే లేదు.