ఎన్ని స్ట్రోకుల బండి కొంటే మా కొండ ఎక్కుతుంది?

ఒడిశాలోని మా రాయగడలో మొన్నటి దాకా ఎన్ని పార్టీలుండేవో గానీ, ఇప్పుడు రెండే మిగిలాయి. టూ స్ట్రోక్ పార్టీ, ఫోర్ స్ట్రోక్ పార్టీ. రెండింటికీ ఆఫీసు ఒక్కటే: మా వీధి చివర బరా (గారెలు), ఘుగుని (బఠాణీ కూర) అమ్మే హోటల్ ముందున్న సిమెంటు అరుగు. పొద్దున్న ఏడింటికల్లా సభ మొదలు. ఒక చేతిలో ఆకు దొప్ప, ఇంకో చేతిలో ఫోను. "బరువు చూడరా", "పికప్ చూడరా", "ముందు మైలేజీ చూడరా" అని కేకలు. వాదన ఒడియాలో మొదలవుతుంది, తెలుగులో వేడెక్కుతుంది, హిందీలో బూతుల దాకా వెళ్తుంది. మజ్జిగౌరమ్మ దర్శనానికి పార్వతీపురం నుంచి, బొబ్బిలి నుంచి వచ్చిన భక్తులు టిఫిన్‌కి ఆగి, ఇదేదో ఎన్నికల గొడవ అనుకుని పార్సిల్ కట్టించుకుని పోతున్నారు.

కొండలెక్కే బండి కొనాలంటే టూ స్ట్రోక్ మంచిదా, ఫోర్ స్ట్రోక్ మంచిదా? ఇదీ ఎజెండా. ఎండలు పోయాయి, వానలొచ్చాయి, నాగావళి నిండింది, తగ్గింది. ఎజెండా మాత్రం మారలేదు. ఇంత పెద్ద ప్రజా సమస్యను పట్టించుకునే నాథుడు లేడు గనుక, అరుగుకి ఎదురింట్లో ఉండి నిద్ర పోగొట్టుకున్న పౌరుడిగా ఆ భారం నేనే నెత్తిన వేసుకుంటున్నాను.

రెండు పార్టీల అధ్యక్షులూ పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళు. పేర్లెందుకు, టూ స్ట్రోక్ బాబు, ఫోర్ స్ట్రోక్ బాబు అనుకుందాం. ఇద్దరి నాన్నగార్లూ రోడ్డు కాంట్రాక్టర్లు. ఈ ముక్క కాస్త గుర్తు పెట్టుకోండి.

ముందు శాస్త్రం చూద్దాం. స్ట్రోకంటే ఇంజన్‌లో పిస్టన్ ఒకసారి పైకో కిందికో కదలడం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ పైకొచ్చిన ప్రతిసారీ మంట అంటుకుంటుంది. క్రాంకు, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, ఒక చుట్టు తిరిగితే ఒకసారి బలం పుడుతుంది. వాల్వులు లేవు, క్యామ్ లేదు, విప్పి చూస్తే లోపల పెద్దగా సామాను ఉండదు. అందుకే తేలిక, అందుకే ఆ దూకుడు. ఫోర్ స్ట్రోక్ అలా కాదు. రెండు చుట్లకు ఒకసారి మాత్రమే బలం. లోపలికి లాక్కోవడం, నొక్కిపెట్టడం, ఒకసారి పేలడం, పొగ వదలడం. మా ఊళ్ళో ఫైళ్ళు నడిచేది అచ్చం ఈ పద్ధతిలోనే కాబట్టి ఫోర్ స్ట్రోక్‌ని ప్రభుత్వ ఇంజన్ అనుకోవచ్చు. అయితే ఆఫీసులో పేలడం దాకా రావడం అరుదు.

టూ స్ట్రోక్‌కి లోపాలు లేవని కాదు. పెట్రోలులోనే ఆయిల్ కలపాలి, లీటరుకి 20 మిల్లీలీటర్ల లెక్కన. ఆ ఆయిల్ కూడా కాలి పొగవుతుంది. కొత్త పెట్రోలు లోపలికొచ్చి పాత పొగని బయటికి తోసే తొందరలో తనూ కొంత కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది. మైలేజీ అక్కడే పోతుంది. ఇక కొండ దిగేటప్పుడు రేజు వదిలేస్తే ఫోర్ స్ట్రోక్ ఇంజను బండిని పట్టి ఆపుతుంది. టూ స్ట్రోక్ అంత పట్టదు, బ్రేకుల మీదే భారం. పైగా ఆయిల్ పెట్రోలుతోపాటే వెళ్ళాలి కదా, పొడుగాటి ఘాటీలో రేజు మూసి దిగుతూ పోతే పిస్టన్‌కి తడి కరువై బిగుసుకుపోవచ్చు, అదే సీజు. ఈ సంగతి చెప్పింది మా బజారు మిస్త్రీ. "ఎక్కినప్పుడు పొగరు, దిగినప్పుడు సీజు బాబూ. మధ్యలో బోరు చేయించుకోడానికి నా కాడికొస్తారు" అన్నాడు. రెండు పార్టీలకూ ఓటు వేయని ఏకైక మనిషి ఆయన. రెండు చోట్లా ఆయనకు ఆదాయం ఉంది.

చరిత్ర అడుగుతారా? గొడవ పాతదే. 11 గుర్రాల బలంతో టూ స్ట్రోక్ యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది 1985లో. పెట్రోలు పోసి మరిచిపోమన్న ఫోర్ స్ట్రోక్ హీరో హోండా సీడీ 100 వచ్చిందీ ఆ ఏడే. తర్వాత పొగ మీద నిబంధనలు బిగిసేసరికి ఒక్కొక్కటే ఫిరాయించడం మొదలెట్టాయి. 2002లో ప్రపంచ మోటార్‌సైకిల్ రేసులే ఫోర్ స్ట్రోక్ వైపు దూకాయి. 2005కి ఆర్‌ఎక్స్ వంశం ఆగిపోయింది. సంతకి ఉల్లిపాయల బస్తాలు మోసే టీవీఎస్ ఎక్సెల్ కూడా 2015లో ఎక్సెల్ 100గా మారి ఫోర్ స్ట్రోక్ కండువా కప్పుకుంది. అయినా టూ స్ట్రోక్ పార్టీ దింపుడు కళ్ళం ఆశ వదలదు. "ఆస్ట్రియాలో ఎర్జ్‌బెర్గ్ చూడండి బాబాయ్‌గారూ, ఇనుప గని కొండ మీద 1995 నుంచి పోటీ. అక్కడ 300 సీసీ టూ స్ట్రోకులదే రాజ్యం" అంటాడు టూ స్ట్రోక్ బాబు. "ఎడారిలో జరిగే డాకర్ ర్యాలీ చూడండి, అన్నీ 450 ఫోర్ స్ట్రోకులే" అంటాడు రెండోవాడు. రెండూ నిజమే. మా కొండ ఆస్ట్రియాలోనూ లేదు, ఎడారిలోనూ లేదు. ఇక్కడికి 40 కిలోమీటర్ల లోపే ఉంది. ఊరి పేరు రాయను. రాస్తే ఇంకో నలుగురు బళ్ళేసుకుని పోతారు.

ఆ ఊరికి రోడ్డుంది. బోర్డు నేను చూశాను. పొడవు, ఖర్చు, పని పూర్తయిన తేదీ, 5 సంవత్సరాల నిర్వహణ, అన్నీ చక్కటి అక్షరాల్లో ఉన్నాయి. మొత్తం పనిలో గట్టిగా కట్టింది ఆ బోర్డొక్కటే. కింది సగం టూ స్ట్రోక్ బాబు నాన్నగారికి, పై సగం ఫోర్ స్ట్రోక్ బాబు నాన్నగారికి దక్కింది. కింది సగంలో మట్టి పోశారు, తొక్కించలేదు. అడ్డొచ్చిన గెడ్డ (వాగు) మీద కల్వర్టు కాగితంలో కట్టారు. పై సగంలో కంకర పరిచి, రోలర్ రాకముందే బిల్లు రావడంతో పని ముగించారు.

ఇక్కడే నాకు జ్ఞానోదయమైంది. ఏ ఇంజన్ మంచిదన్నది కుర్రాళ్ళు తేల్చుకోవాల్సిన విషయమే కాదు. తండ్రి ఏ పని ఎగ్గొట్టాడో దాన్నిబట్టి కొడుకు బండి కొనాలి. మట్టి తొక్కించకుండా వదిలేస్తే బురద, బురదకి తేలికపాటి టూ స్ట్రోక్ కావాలి, కూరుకుపోయినా ఇద్దరు లాగితే వస్తుంది. కల్వర్టు మింగేస్తే గెడ్డలో దిగాలి. ఇంజన్‌లోకి నీళ్ళు పోతే టూ స్ట్రోక్ ప్లగ్గు విప్పి, బండిని వెనక్కి ఎత్తిపట్టి నాలుగు కిక్కులు కొడితే కక్కేస్తుంది. అదే ఫోర్ స్ట్రోక్‌లో నీళ్ళు ఆయిల్‌లో కలిశాయంటే ఆయిలంతా మార్చాలి. కానీ రోలర్ డబ్బులు మాత్రమే తిన్న మర్యాదస్తుడి కొడుకైతే ఫోర్ స్ట్రోక్ తీసుకోవాలి. జారే కంకర మీద చక్రానికి పట్టు దొరుకుతుంది, దిగేటప్పుడు ఇంజనే ఆపుతుంది. తారు, కంకర, కల్వర్టు మూడూ తిన్న ఇంట్లో పుట్టిన బిడ్డకి ఏ కంపెనీ ఇంకా బండి తయారు చేయలేదు. ఆ బిడ్డ నడవాలి.

చివరికి ఇద్దరూ కొన్నారు. ఒకడు 300 టూ స్ట్రోకు, ఇంకొకడు 350 ఫోర్ స్ట్రోకు. రెండూ పోటీలకు చేసిన బళ్ళు, రెండూ లక్షల్లో. వీటికి సర్వీసు కిలోమీటర్ల లెక్క కాదు, ఇన్ని గంటలు నడిస్తే పిస్టన్ చూడాలి అని గంటల లెక్క. మా రోడ్లకి కూడా ఇదే లెక్క పెడితే బోర్డు మీద అబద్ధం తగ్గేది. ఇంకో విశేషం, ఈ బళ్ళకి రిజిస్ట్రేషన్ ఉండదు. రాయగడ బళ్ళకిచ్చే ఓడీ 18 అనే నంబరు ప్లేటు వీటికి రాసిపెట్టలేదు. రోడ్డు మీద నడపకూడదు, బొలెరో పికప్‌లో ఎక్కించి కొండ దాకా తీసుకెళ్ళాలి.

దీంతో ఒక ధర్మసందేహం పుట్టింది. అరుగు మీద టీ తాగుతున్న మా వకీలు గారిని అడిగాను. "అయ్యా, రోడ్డు మీద నడపకూడని బండిని ఆ కొండ మీద నడిపితే చలానా వేయొచ్చా?" ఆయన వేయొచ్చన్నారు. వేస్తే అక్కడ రోడ్డున్నట్టు పోలీసులు ఒప్పుకున్నట్టు. కుర్రాడు కోర్టుకెళ్ళి, "అయ్యా, అక్కడ రోడ్డే లేదు, ఫొటోలు చూడండి" అంటే చలానా కొట్టేస్తారు. కొట్టేస్తే రోడ్డు లేదని కోర్టు ఒప్పుకున్నట్టు. అప్పుడు నాన్నగారు జైలుకి. నాన్నని కాపాడాలంటే కొడుకు ఫైను కట్టాలి, అబ్బాయి మీద ఫైను పడకూడదంటే తండ్రి మీద కేసు పడాలి. వకీలు గారు టీ గ్లాసు కింద పెట్టి చాలాసేపు కొండల వైపు చూశారు. "ఎవరూ చలానా వేయరులెండి" అన్నారు. నిజమే, వేయలేదు.

ఒక ఆదివారం బలపరీక్ష పెట్టారు. పికప్‌లు రెండు, మోకాళ్ళ దాకా బూట్లు, ఛాతీకి కవచాలు, నెత్తిన హెల్మెట్, ఆ హెల్మెట్ మీద కెమెరా. పైన డ్రోను. ఎదురుగా కొండ మీంచి పసుపు, అనాసపండ్ల గంపలు నెత్తిన పెట్టుకుని కొందరు ఆడవాళ్ళు సంతకి దిగుతున్నారు, చెప్పుల్లేకుండా. వాళ్ళని పక్కకి జరగమన్నారు. జరిగారు. డ్రోను చప్పుడుకి మేక ఒకటి బెదిరి కల్వర్టు ఉండాల్సిన చోట దూకింది. ఫోర్ స్ట్రోక్ బాబు స్నేహితుడి నాన్న పనిచేసిన మొదటి బురదలోనే ఇరుసు దాకా దిగాడు. టూ స్ట్రోక్ బాబు వీరుడిలా బురద దాటాడు, గెడ్డ దాటాడు, పై సగంలో కంకర మీద చక్రం తిరుగుతూనే ఉంది, బండి మాత్రం కదలదు. రేజు ఇచ్చీ ఇచ్చీ క్లచ్చు కాలిన వాసన. వెనక్కి దిగబోతే బండి ఒకవైపు, బాబు ఒకవైపు. రెండు పార్టీలకూ డిపాజిట్ గల్లంతు.

కిందికి తేవడం ఎలా? ఊళ్ళోంచి కుర్రాళ్ళొచ్చారు. రెండు వెదుళ్ళు నరికారు, తాడుతో బండిని బిగించారు, ఒక్కో బండికి ఎనిమిది మంది భుజం పట్టారు. నూరు కిలోల పైచిలుకు ఇనుము పల్లకీలో ఊరేగుతూ గెడ్డ దాటింది. డ్రోను అదంతా తీసింది, వెనక పాట పెట్టి వదిలారు. కూలి ఇచ్చారు, కాదనను. మోసినవాళ్ళలో ఒకడిని చూసి ఫోర్ స్ట్రోక్ బాబు ముచ్చటపడ్డాడు. "ఏం ముడి వేశాడండీ! ఎంత ఊపినా జారలేదు. ఎక్కడ నేర్చుకున్నాడో!"

ఎక్కడ నేర్చుకున్నాడో నేను చెప్తాను. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళని దుప్పట్లో కూర్చోబెట్టి, అదే వెదురుకి అదే ముడి వేసి, అదే గెడ్డ దాటించి నేర్చుకున్నాడు. పాము కరిచిన పిల్లాడిని, జ్వరంలో వణికే ముసలాయన్ని మోసి నేర్చుకున్నాడు. బండికి ఎనిమిది మంది దొరికారు. ఆడమనిషికి నలుగురే, రాత్రయితే ఇద్దరే. ముడి జారితే ఏమవుతుందో వాడికి తెలుసు, అందుకే జారదు. అంబులెన్సు బోర్డు దగ్గర ఆగుతుంది, అంతకు మించి రాలేదు. డ్రైవరు తప్పు లేదు.

ఊళ్ళకి రోడ్లు వేసే ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరులో మొదలైనప్పుడు గిరిజన ప్రాంతాల్లో 250 మంది జనాభా ఉంటే రోడ్డుకి అర్హత అన్నారు. 249 మంది ఉన్న ఊరు ఇంకో పుట్టుక కోసం చూడాలి, ఆ పుట్టుకకి ఆసుపత్రికి వెళ్ళడానికి రోడ్డు కావాలి. ఆ లెక్క మీద వేరే కోపం ఉంది, ఉంచుకుంటాను. ఈ ఊరి గతి అంతకన్నా అన్యాయం. రోడ్డు పడని ఊరు అర్జీ పెట్టుకోవచ్చు. కాగితం మీద రోడ్డు పడిపోయిన ఊరు ఏమని పెట్టుకుంటుంది? "మీకు వేశాం కదా" అంటారు. ఫైలు మూసేశారు. ఆ రోడ్డు తిన్నవాడు తారు డబ్బులు తిని ఊరుకోలేదు, ఆ ఊరికి ఇంకెప్పుడూ రోడ్డు రాకుండా తిన్నాడు. ఒక తల్లి బతకడానికి ఉన్న గంటన్నర తిన్నాడు. ఆ డబ్బులతో కొడుక్కి బండి కొన్నాడు. ఆ కొడుకు వచ్చి, నాన్న తినేసిన దారి మీద సరదాగా ఎగురుతుంటే, మోసినవాళ్ళే మళ్ళీ మోశారు. మా ఒడిశాలోనే మల్కన్‌గిరిలో జలాశయం అవతల చిక్కుకున్న ఊళ్ళకి 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018లో వచ్చింది. అంటే తలుచుకుంటే కట్టగలరు. ఇక్కడ గెడ్డ వెడల్పు ఒక బొలెరో పొడవు లేదు.

సరే, మళ్ళీ ఎజెండాకి వద్దాం. అరుగు మీద కుర్రాళ్ళు నా తీర్పు అడుగుతున్నారు. టూ స్ట్రోకే. అయితే ఒక ట్రయల్ చూశాకే ఖాయం చేస్తాను. కొలతల పుస్తకంలో పూర్తయిందని సంతకం చేసిన ఇంజనీరు గారిని, తర్వాత బిల్లు పాస్ చేసిన పెద్దలని, ఆ తర్వాత ఇద్దరు నాన్నగార్లని ఒక్కొక్కరిగా వెనక ఎక్కించుకుని కొండ ఎక్కాలి. వానాకాలంలో, రాత్రిపూట. దిగేటప్పుడు కూడా అదే బండి మీద, రేజు వదిలేసి, బ్రేకు తక్కువగా తొక్కుతూ.

టూ స్ట్రోక్ బాబు వెంటనే అభ్యంతరం చెప్పాడు. ఇవి రేసు బళ్ళట, వెనక సీటు ఉండదట, కాళ్ళు పెట్టుకోవడానికి రాడ్లు కూడా ఉండవట.

తాడుంది కదా బాబూ. ముడి వేసేవాళ్ళు ఆ ఊళ్ళోనే ఉన్నారు, కూలి నేనిస్తాను.