ఏడో రోజు వచ్చే ఆశా, రెండో రోజే వచ్చే పాలడబ్బా

మా చెల్లెలికి నల్లగొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సిజేరియన్ అయింది. రెండో రోజు రాత్రి పాప గుక్కపట్టి ఏడ్చింది. 'పాలు పడ్తలేవు, డబ్బా తెప్పియ్యుండ్రి' అని అక్కడి ఆయమ్మ అంది. మా అమ్మ పరుగున కిందికి దిగి మెడికల్ షాపులో పాలపొడి కొనుక్కొచ్చింది. అమ్మను తప్పుపట్టలేను. అప్పటికి బిడ్డ కడుపులో పట్టేది ఒకసారికి రెండు మూడు చెంచాలేనని, అన్ని ముర్రుపాలు తల్లి దగ్గర ఉంటాయని మాలో ఎవరికీ తెలియదు.

ఆశా కార్యకర్త ఎనిమిదో రోజు ఇంటికొచ్చింది. డబ్బా చూసింది కానీ కోప్పడలేదు. 'రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతున్నది?' అని అడిగింది. పాపను తూకం వేసింది. కుట్లు నొప్పి పుట్టకుండా పక్కకు ఒరిగి పాలివ్వడం చూపించింది. 'మొన మాత్రమే కాదు చెల్లె, చుట్టూ నల్లగున్నది కూడ నోట్లకు పోవాలె' అంటూ పాప గడ్డం రొమ్ముకు ఆనేలా సర్దింది. ముప్పావు గంట కూర్చుంది. ఆ ముప్పావు గంట ఆసుపత్రిలో దొరికి ఉంటే డబ్బా అవసరమే రాకపోయేది.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట కాదు. ఇంటి దగ్గరే పసిబిడ్డల సంరక్షణ కార్యక్రమం 2011లో మొదలైంది. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. అన్నిటికీ కలిపి ప్రోత్సాహకం 250 రూపాయలు. సిజేరియన్ అయితే తల్లి ఇల్లు చేరేసరికే ఐదారు రోజులవుతుంది కాబట్టి 7వ రోజు నుంచి లెక్క మొదలుపెట్టవచ్చు. దేశం మొత్తానికి ఇది సబబైన మినహాయింపే. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లు. దేశంలోకెల్లా ఎక్కువ ఇక్కడే. అంటే మన దగ్గర మినహాయింపే మామూలైపోయింది. ఎక్కువమంది తల్లులకు మొదటి వారం దాటాకే ఆశా ఎదురవుతుంది. అదే సర్వేలో కాన్పుల్లో 97 శాతం ఆసుపత్రుల్లోనే జరిగాయి, పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన పిల్లలు మాత్రం 37 శాతమే. ఆసుపత్రి దాకా తీసుకెళ్లడంలో మనం గెలిచాం, లోపల అడుగుపెట్టాక తల్లిని వదిలేశాం.

మొదటి వారం ఎందుకంత ముఖ్యం? బిడ్డ చప్పరిస్తేనే పాలు ఊరతాయి. డబ్బాతో కడుపు నిండిన బిడ్డ తక్కువ చప్పరిస్తుంది, పాలు తగ్గుతాయి, 'చూశావా, పాలు లేవు' అన్న అనుమానం నిజమైపోతుంది. పాలు నిండుగా దిగడానికి ఎలాగూ రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. సరిగ్గా ఆ రోజుల్లోనే తల్లికి నొప్పి, నిద్రలేమి, చుట్టాల మాటలు, టెన్షన్. శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం 1992 నుంచి ఉంది. డబ్బాపాల ప్రకటనలను, ఉచిత శాంపిళ్లను అది నిషేధించింది. కానీ అర్ధరాత్రి వార్డులో ఎవరో అనే మాటను ఏ చట్టం ఆపుతుంది? అప్పుడు పక్కన తెలిసిన మనిషి ఉండాలి.

నల్లగొండ జిల్లాలో ఇంకో సంగతీ ఉంది. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఎముకలను ఎలా వంచిందో మనం కళ్లారా చూశాం. తల్లి తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా, చనుబాలలోకి చేరేది చాలా కొంచెం. పొడి కలిపే నీళ్లలో ఎంత ఉంటే అంతా నేరుగా బిడ్డ కడుపులోకి పోతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాక పరిస్థితి మారింది, నిజమే. నల్లా రాని రోజు బోరు నీళ్లు వాడే ఇంట్లో మాత్రం ఈ తేడా గుర్తుండాలి.

ఇక తల్లిగారిల్లు. మన దగ్గర తొలిచూలు కాన్పు అక్కడే. గర్భిణిగా పేరు రాసుకున్నది అత్తగారి ఊరి ఆశా, బాలింతగా చూడాల్సింది తల్లిగారి ఊరి ఆశా. తొట్టెల అయ్యాక మళ్లీ ఊరు మారితే, మిగిలిన సందర్శనలు ఎవరి ఖాతాలోవి? కాగితం మీద జవాబు దొరకవచ్చు. ఊళ్లో మాత్రం ఇద్దరు ఆశాలు ఫోన్‌లో మాట్లాడుకుంటేనే తెగుతుంది. మా ఆశా అలాగే చేసింది. చెల్లెలు దేవరకొండ వైపు అత్తగారింటికి వెళ్లాక కూడా ఫోన్ చేసి అడిగేది. ఆ ఫోన్లకు ఏ రిజిస్టర్‌లోనూ గడి లేదు.

42వ రోజు తర్వాత షెడ్యూల్‌లో మళ్లీ ఆశా రావాల్సింది మూడో నెలలో. పాలమూరు పల్లెల్లో, నల్లగొండ పత్తిచేలల్లో కైకిలికి పోయే తల్లులు చాలామంది ఆ మధ్యలోనే పనికెక్కుతారు. తల్లి తన పాలను చేత్తో పిండి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి ఉంచితే చెంచాతో పట్టించవచ్చని చెప్పేవాళ్లు కావాల్సింది అప్పుడే. వలస వెళ్లే ఇంటికైతే మూడో నెల సందర్శన కూడా అందదు.

నేను అడిగేది ఒక్కటే. కాన్పు నుంచి ఇంటికి పంపేదాకా, ప్రభుత్వ ఆసుపత్రయినా ప్రైవేటయినా, పాలివ్వడం నేర్పే మనిషి రోజూ తల్లి మంచం దగ్గరికి రావాలి. శిక్షణ పొందిన నర్సు కావచ్చు, ఆశా కావచ్చు. ఆశా అయితే ఆ పనికి విడిగా డబ్బు కట్టాలి, దారిఖర్చులు ఇవ్వాలి, ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గర ఆమెను ఎవరూ ఆపకూడదు. స్థిర వేతనం కోసం ఏళ్లుగా రోడ్డెక్కుతున్న ఆడవాళ్ల మీద ఇంకో పనిని ఊరికే రుద్దడానికి మాత్రం నేను ఒప్పుకోను.