టర్బో బండికి ఎంత పెద్ద ఇంజెక్టర్ వేస్తే అంత మంచిదా? కాదండీ

టర్బో కారుకి పవర్ కావాలంటే దొరికినవాటిల్లో పెద్ద ఇంజెక్టర్లు (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేవి) చవగ్గా కొని బిగించెయ్యండి, పెద్దదైతే సేఫ్, మిగతాది ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) చూసుకుంటుంది, బ్రాండెడ్ సెట్‌కి పెట్టేదంతా పేరుకే అని ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చవగ్గా తెచ్చుకోవచ్చు అన్న ముక్కతో నాకు పేచీ లేదు. మిగతాదంతా తప్పు, ఇంజిన్ పోగొట్టే తప్పు.

ముందు పవర్ సంగతి. పవర్ వచ్చేది టర్బో తోసే గాలి వల్ల, దానికి సరిపడా పెట్రోల్ పొయ్యడమే ఇంజెక్టర్ పని. ఎంత కావాలో లెక్క వేసుకోవచ్చు, టర్బో పెట్రోల్ ఇంజిన్‌కి ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి సుమారు 6.3 సీసీ పెట్రోల్, అంటే 300 హార్స్‌పవర్‌కి 1890, నాలుగు సిలిండర్లకి పంచితే 472, డ్యూటీ సైకిల్ (ఇంజెక్టర్ తెరిచి ఉండే సమయం వాటా) 85 శాతం దాటనివ్వకూడదు కాబట్టి 555 దగ్గర తేలుతుంది. 600 సీసీది (నిమిషానికి అన్ని సీసీలు పోసేది) వేస్తే హాయిగా సరిపోయే బండికి 1000 ఎందుకు? (ఈ85, అంటే 85 శాతం దాకా ఇథనాల్ ఉన్న పెట్రోల్, పోసేవాళ్లు ఇంకో 30-35 శాతం కలుపుకోవాలి.)

"పెద్దదైతే సేఫ్" అన్న మాటకైతే నిజంగా కోపం వస్తుంది. ఇంజెక్టర్‌కి కరెంట్ అందాక తెరుచుకోడానికే దాదాపు 1 మిల్లీసెకను పోతుంది, దాన్నే డెడ్ టైమ్ అంటారు, వోల్టేజ్ పడితే ఇంకా పెరుగుతుంది. అది పోను 300 సీసీది ఐడిల్లో (బండి కదలకుండా ఇంజిన్ ఆన్‌లో ఉన్నప్పుడు) 1.5 మిల్లీసెకన్లు పోస్తోందనుకోండి, అదే పెట్రోల్‌ని 1000 సీసీది 0.45లో పొయ్యాలి, అంత చిన్న పల్స్‌లో (ఒకసారి తెరుచుకుని మూసుకునే వ్యవధిలో) నాసిరకంవి ప్రతిసారీ ఒకేలా పొయ్యవు, ఒక సిలిండర్ రిచ్ (పెట్రోల్ ఎక్కువ) ఇంకోటి లీన్ (తక్కువ), బండి వణుకుడు, ఎక్కువైన పెట్రోల్ సిలిండర్ గోడల మీద ఆయిల్ పొరని కడిగేస్తుంది, క్యాట్ (పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్) కూడా దెబ్బతింటుంది.

ఈసీయూ సర్దుకుంటుందా? కొంచెం సర్దుకుంటుంది. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ తనంతట తాను పెట్రోల్ పెంచి తగ్గించే సర్దుబాటు) చాలా బళ్లలో 25 శాతం చుట్టుపక్కల ఆగిపోతుంది, 300 నుంచి 550కి వెళ్తే తేడా 83 శాతం. పైగా నారోబ్యాండ్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ చూసి రిచ్చా లీనా అని మాత్రమే చెప్పేది) ఉన్న బళ్లలో ఫుల్ థ్రాటిల్ కొడితే ఈసీయూ ఆ సెన్సర్ మాట వినదు, మ్యాప్‌లో (ముందే రాసిపెట్టిన పట్టికలో) ఉన్నదే పోస్తుంది. ట్యూన్ (కొత్త ఇంజెక్టర్లకి తగ్గట్టు ఈసీయూ లెక్కలు మార్పించడం) లేకుండా బిగించకండి, దయచేసి.

ఇక పేరు సంగతి. ఖరీదైన సెట్‌తో వచ్చేది డేటా: ఏ ప్రెషర్ దగ్గర ఎంత ఫ్లో, ఏ వోల్టేజ్‌కి ఎంత డెడ్ టైమ్, చిన్న పల్స్‌లో ఎలా ఉంటుంది. ట్యూనర్‌కి కావల్సింది అదే. నేను ఒకసారి 550 అని రాసున్న చవక సెట్ కొన్నా, బెంచ్ మీద పెడితే 3 బార్ ప్రెషర్ దగ్గర 476 చూపించింది, అబద్ధమేం కాదు, 4 బార్ దగ్గర కొలిచిన నంబర్ వేశారు అంతే, కానీ ఆ మాట ఎక్కడా రాయలేదు. ఫ్లో అనేది ప్రెషర్ వర్గమూలాన్ని బట్టి మారుతుంది, అందుకే ఆ తేడా. "ఫ్లో మ్యాచ్డ్" (సెట్‌లో అన్నీ ఒకేలా పోస్తాయి) అన్నా కూడా అడగండి, పూర్తిగా తెరిచి ఉంచి కొలిచారా, ఐడిల్ పల్స్‌లో కూడా కొలిచారా అని.

మరి తక్కువలో ఎలా అంటే, ఇంకో పెద్ద టర్బో కారుకి కంపెనీ వేసిన ఇంజెక్టర్లు సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, అల్ట్రాసోనిక్ క్లీనింగ్, ఫ్లో టెస్ట్ చేయించి కొత్త ఓ రింగులు, ఫిల్టర్లు వేయించండి, నా ఓటు దీనికే. పొడవు, కనెక్టర్, స్ప్రే ప్యాటర్న్ మీ ఇంజిన్‌కి కుదరాలి. మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కూడా చూడండి, 12-16 ఓమ్‌లకి తయారైన ఈసీయూకి 2-3 ఓమ్‌లవి నేరుగా తగిలిస్తే ఈసీయూ లోపల ఇంజెక్టర్లకి కరెంట్ ఇచ్చే సర్క్యూట్ (డ్రైవర్) కాలిపోవచ్చు. ఇదంతా పోర్ట్ ఇంజెక్షన్ (సిలిండర్ బయట, వాల్వ్ ముందు పెట్రోల్ చిమ్మే) బళ్లకే, డైరెక్ట్ ఇంజెక్షన్‌లో (నేరుగా సిలిండర్ లోపలికి చిమ్మేవాటిల్లో) రైల్ ప్రెషర్ 200 బార్, ఆపైన కూడా ఉంటుంది, ఈ ఇంజెక్టర్లు వాటికి పనికిరావు.